కుండీలు కదపవద్దు

సెప్టెంబరు 3

చిన్నబ్బాయికి,

క్షేమసమాచారాలు ఆఖర్న రాస్తాను, ముందు ఇది విను. నాకు ఉద్యోగం వచ్చింది. కావాలంటే మళ్ళీ చదువుకో. నాకే, మీ అన్నయ్యకి కాదు.

ఎలా వచ్చిందో చెప్తే గాని నాకు నిద్ర పట్టదు. మీ అన్నయ్య బీమా కాగితాల మీద ఏదో సంతకం చేయాలంటే ఆయన వెంట బీమా ఆఫీసుకి వెళ్ళాను. కింద పెద్ద హాలు, పైన నాలుగు అంతస్తులు. ఆయన వరసలో నిలబడ్డారు, నేను బెంచీ మీద కూర్చున్నాను. పక్కనే కుండీలో ఒక రబ్బరు మొక్క. ఆకుల మీద వేలితో పేరు రాసుకోవచ్చు, అంత దుమ్ము. చూస్తూ ఊరుకోలేక చేతిరుమాలు తడిపి తుడవడం మొదలుపెట్టాను. "ఏం చేస్తున్నారమ్మా?" అని వెనక నుంచి గొంతు. చూస్తే మేనేజరుగారు! "దీనికి ఊపిరాడటం లేదండీ" అన్నాను. ఆయన నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. "ఊపిరాడనివి ఈ మేడలో ఇంకా ముప్ఫై దాకా ఉన్నాయి. చూసుకుంటారా?" అన్నారు. మీ అన్నయ్య వరసలోంచి మెడ సాచి, "ఆవిడకి ఇంట్లో పని..." అని ఏదో మొదలుపెట్టారు. ఆయన మాట పూర్తయ్యేలోపల "చూసుకుంటానండీ" అనేశాను.

యాభై దాటాక మొదటి ఉద్యోగం, చిన్నబ్బాయ్! నా కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

అయితే ఇంకా ఖాయం కాలేదు. నవంబరు ఆఖర్న పై ఆఫీసు నుంచి డైరెక్టరుగారు వచ్చి మేడంతా చూస్తారు. మొక్కలు బాగున్నాయని ఆయన అంటే నన్ను ఉంచుతారు, లేకపోతే నమస్కారం పెట్టి పంపిస్తారు. అందుకే నీ సాయం కావాలి. పెరట్లో మొక్కలు పెంచడం నాకొచ్చు గాని గదుల్లో మొక్కల సంగతి నాకేం తెలుసు? నీ దుకాణంలో కుట్టు మిషన్ల మధ్య నువ్వు పెంచినవి చూశాను కదా. నూనె వాసనలో కూడా అంత నవనవలాడేలా ఎలా పెంచావో నీకే తెలియాలి.

మూడో అంతస్తు కిటికీ దగ్గర ఎర్రాకుల క్రోటన్ ఒకటుంది. దాని ఆకులు రాలుతున్నాయి. ఒక ఆకు ఇందులో పెట్టాను. నీ భూతద్దం పెట్టి చూసి రోగం ఏమిటో రాయి.

ఇక్కడ అందరం బాగున్నాం. నాకు సాయంత్రం ఆలస్యం కాబట్టి రాత్రి వంట మీ అన్నయ్యది. నిన్న గిన్నె మాడింది. కూర మాత్రం పచ్చిగానే ఉంది. ఎలా సాధించారో అడగకు.

నీ వదిన


సెప్టెంబరు 11

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఉద్యోగం వచ్చినందుకు సంతోషం.

ఇక్కడ వానలు లేవు. నిన్న రెండు మిషన్లు బాగుచేశాను. ఒకటి టైలరమ్మది. బాబిన్ కదురు అరిగింది.

మీరు పంపిన ఆకు చూశాను. మూడు వంతులు నల్లబడింది, ముట్టుకుంటే మెత్తగా జారుతోంది. భూతద్దం కింద పురుగు గాని గుడ్లు గాని కనపడలేదు. ఇది నీరు ఎక్కువై వేరు కుళ్ళినప్పుడు వచ్చే నలుపు. వారం పది రోజులు నీళ్ళు పూర్తిగా ఆపండి. మిగతా కుండీలకి కూడా తగ్గించండి. కుండీ అడుగున చిల్లు మూసుకుపోయిందేమో పుల్లతో పొడిచి చూడండి.

రోజూ సాయంత్రం దుకాణం లెక్క రాసుకున్నాక మీ మొక్కల గురించి కూడా ఒక ముక్క రాసుకుంటున్నాను. వీలైతే మళ్ళీ ఒక ఆకు పంపండి.

అన్నయ్యని పొయ్యి మంట తగ్గించమనండి.

మీ మరిది


సెప్టెంబరు 22

చిన్నబ్బాయికి,

"సంతోషం." అంతేనా? జన్మలో మొదటిసారి మీ వదినకి ఉద్యోగం వస్తే ఒక్క మాట! టైలరమ్మ కదురు గురించి దానికంటే ఎక్కువ రాశావు. సరేలే, నీ నోట్లోంచి ఆ ఒక్కటైనా ఊడిపడిందని మీ అన్నయ్య ఆశ్చర్యపోయారు.

నువ్వు చెప్పినట్టే నీళ్ళు ఆపాను. రబ్బరు మొక్క ఏమీ అనుకోలేదు. క్రోటన్ మాత్రం అలిగి తల వేలాడేసింది. ఒకటో అంతస్తు నడవలో అది అలా నిలబడి ఉంటే వచ్చేపోయేవాళ్ళు నన్ను ఓదారుస్తున్నారు. క్యాషియరు అని ఒకతను ఉన్నాడు, నోరు మంచిది కాదు. "మొక్కలావిడా, దీనికి సెలవు చీటీ రాయించమంటారా?" అన్నాడు. ఇక్కడ నా పేరు అదే, మొక్కలావిడ.

ఇంకో కబురు. వింటే నీకూ ఒళ్ళు మండుతుంది. మేనేజరుగారు ఎవరో వ్యాపారి చేత రెండు ప్లాస్టిక్ మొక్కలు తెప్పించి కింద హాల్లో పెట్టించారు. నమూనాకట. "ఏం లేదమ్మా, డైరెక్టరుగారు రెండూ చూస్తారు, ఏది నచ్చితే అది" అన్నారు. ప్లాస్టిక్కువే నచ్చితే నా పనికి దుమ్ము గుడ్డ చాలు, నేనక్కర్లేదు.

దానికి తోడు మీ అన్నయ్య. నన్ను తీసుకెళ్దామని సాయంత్రం వచ్చి, హాలంతా కలియజూసి, "అదిగో, ఆ మూలది ఎంత నిగనిగలాడుతోందో! నీ చేతి చలవే వేరు" అన్నారు. ప్లాస్టిక్కుది. ఇంటికి వెళ్ళేదాకా ఆయనతో మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడటం లేదో ఆయనకి ఇప్పటికీ తెలియదు. నువ్వు చెప్పకు.

ఈసారి మూడు మొక్కల ఆకులు పంపుతున్నాను. పోయినసారిలా తడి అంటకుండా అద్దుడు కాగితంలో చుట్టాను. జాగ్రత్తగా చూసి రాయి. నాకు ఈ ఉద్యోగం కావాలి, చిన్నబ్బాయ్. పొద్దున ఆ మేడ మెట్లెక్కుతుంటే నా ఒంట్లోకి ఏదో కొత్త గాలి వచ్చినట్టుంటుంది. అది నీకెలా చెప్పాలో తెలియడం లేదు.

నీ వదిన


సెప్టెంబరు 30

వదినగారికి నమస్కారాలు.

ఆకులు మూడూ అందాయి. మూడూ గోధుమ రంగుకి తిరిగి, వేళ్ళ మధ్య పొడి అయ్యాయి. పోయినసారి నలుపు, ఈసారి గోధుమ రంగు. ఇది నీరు చాలని లక్షణం. పది రోజులు ఆపమనడం ఎక్కువైనట్టుంది. తప్పు నాదే.

ఇప్పుడు అన్నిటికీ బాగా నీళ్ళు పోయండి. అడుగు చిల్లులోంచి కారేదాకా పోయండి. ఎండిన ఆకులు మొక్కకి బరువు, వాటిని కత్తెరతో కోసేయండి. కొత్తవి వస్తాయి.

ప్లాస్టిక్ మొక్కల సంగతి చదివాను. అన్నయ్యకి చెప్పను.

ఇక్కడ ఒక వాన పడింది. దుకాణంలో మనీప్లాంటు కొత్త ఆకు వేసింది.

మీ మరిది


అక్టోబరు 12

చిన్నబ్బాయికి,

నీళ్ళు ఆపమన్నావు, ఆపాను. పోయమన్నావు, పోశాను. కోయమన్నావు, కోశాను. ఇప్పుడు నువ్వొచ్చి చూడు ఈ మేడ అవతారం! ముప్ఫై కుండీల్లో ఇరవై బోసిగా నిలబడి ఉన్నాయి. క్యాషియరు నన్ను చూడగానే తల తడుముకుని, "మొక్కలావిడా, నాక్కూడా క్షవరం చేస్తారా?" అన్నాడు. టైపు గదిలో అమ్మాయిలు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత వెళ్ళి మెట్ల కింద కాసేపు నిలబడ్డాను.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు గోధుమ రంగు అన్నావు. కోసేటప్పుడు నేను ఒక్కో ఆకూ కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాను. ఒక్కదాని మీదా గోధుమ రంగు లేదు! లేత పసుపుగా ఉండి, వేలు తగిలితే చాలు, కాడతో సహా రాలిపోతున్నాయి. కొన్నిటి మీద మాత్రం ఒకవైపు తెల్లగా కాలినట్టు మచ్చలున్నాయి. నువ్వు ఏ ఆకు చూసి వైద్యం రాశావు? టైలరమ్మ ఇంట్లో ఆకా?

మేనేజరుగారు పిలిచి, "అమ్మా, ఇంకా నెలన్నర ఉంది. లేదంటే ఆ వ్యాపారికి చెప్పేయమంటారా?" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. మెల్లగానే అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

నాలుగో అంతస్తులో క్రోటన్ మాత్రం ఇంకా రాలుస్తూనే ఉంది. దానికేం పుట్టిందో!

మీ అన్నయ్య వంట ఇప్పుడు తినేలా ఉంది. ఈ ఉత్తరంలో మంచి వార్త అదొక్కటే.

నీ వదిన


అక్టోబరు 20

వదినగారికి,

నమస్కారాలు, వానలు, మిషన్లు అన్నీ పక్కన పెడుతున్నాను. కనిపెట్టాను!

మీ ఉత్తరంలో "ఏ ఆకు చూసి వైద్యం రాశావు" అన్న మాట చదవగానే కుర్చీలోంచి లేచాను. మీరు పసుపు చూశారు. నేను నలుపు చూశాను, గోధుమ రంగు చూశాను. ఒకే ఆకు. మధ్యలో ఏం జరిగింది? మధ్యలో తపాలా జరిగింది!

నా మనీప్లాంటు ఆకు ఒకటి కోశాను. మచ్చ లేనిది, ఆరోగ్యమైనది. కవర్లో పెట్టి, నా చిరునామా నేనే రాసి, వీధి చివర డబ్బాలో వేశాను. ఇంకొకటి మీలాగే అద్దుడు కాగితంలో చుట్టి వేశాను. పోస్టుమాను రెండూ తెచ్చి బల్ల మీద పెట్టి, "ఏమండీ, మీకు మీరే ఉత్తరాలు రాసుకుంటున్నారా? ఒంట్లో కులాసాయేనా?" అని నా మొహంలోకి చూశాడు. కవరు చింపి చూపించాను. ఒట్టిగా వేసినది నల్లబడి మెత్తగా జారుతోంది. కాగితంలో చుట్టినది గోధుమ రంగుకి తిరిగి పొడి అయింది. అచ్చం మీవే! "చూశారా, చూశారా!" అని అరిచాను. పోస్టుమాను రెండడుగులు వెనక్కి వేశాడు.

ఇన్నాళ్ళూ నేను తపాలా సంచికి వైద్యం చేశాను, వదినా. మీ మొక్కల జోలికే వెళ్ళలేదు. మీరు నీళ్ళు ఆపింది, పోసింది, కోసింది అన్నీ నా మాట మీదే. మీ మొక్కలు బోడిగా ఉన్నాయంటే ఆ బోడితనంలో సగం నాది. కాని ఇప్పుడు దారి దొరికింది.

ఇకనుంచి ఆకు పంపకండి. ఆకుని కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలు తిప్పండి. ఎక్కడ పసుపు, ఎక్కడ తెలుపు, ఏ వైపు మచ్చ, ఆ వైపు కిటికీ ఉందా గోడ ఉందా, అన్నీ అక్కడే రాయండి. బొమ్మ కుళ్ళదు.

ఇంకో సంగతి. మీరు రాసే చోట్లలో తప్పులు దొర్లుతున్నాయి. ఎర్రాకుల క్రోటన్ ముందు మూడో అంతస్తు అన్నారు, తర్వాత ఒకటో అంతస్తు నడవ అన్నారు, ఇప్పుడు నాలుగు అంటున్నారు. ఉన్న క్రోటన్ ఒక్కటే కదా? కంగారు పడకుండా, ఏది ఏ అంతస్తో సరిగ్గా చూసుకుని రాయండి. చోటు తెలియకపోతే ఆకు ఏం చెప్తోందో తెలియదు.

వెంటనే జవాబు రాయండి.

మీ మరిది


అక్టోబరు 29

చిన్నబ్బాయికి,

నీ ఉత్తరం మొదటి సగం చదివి నవ్వలేక చచ్చాను. మీ అన్నయ్యకి చదివి వినిపిస్తే, "వాడు అరిచాడా? మా వాడేనా?" అని మూడుసార్లు అడిగారు.

రెండో సగం చదివాక మాత్రం నవ్వు పోయింది. నాకు అంతస్తులు లెక్కపెట్టడం రాదంటావా? రోజుకి నాలుగు అంతస్తులూ ఎక్కి దిగేదాన్ని నేను. నీ రెంచీలూ నట్లూ నీకెంత తెలుసో నా కుండీలు నాకంత తెలుసు. ఒక్క అక్షరం తప్పు రాయలేదు. నేను రాసిన రోజున క్రోటన్ ఎక్కడుందో అదే రాశాను. సోమవారం పొద్దున నేనూ లిఫ్టు నడిపే పెద్దమనిషీ చెరోవైపు పట్టుకుని నాలుగులోంచి కిందికి తెచ్చాం. నా నడుం ఇంకా పట్టేసే ఉంది. ఎక్కడుందో నాకు తెలియదట!

ప్రతి సోమవారం అన్నిటినీ మారుస్తాను కదా. ఆ మాట వేరే రాయాలా? నాలుగో అంతస్తులో బోలెడు వెలుతురు, ఒకటో అంతస్తు నడవలో పట్టపగలే దీపం. కొన్ని కిటికీ దగ్గర కులుకుతుంటే కొన్ని చీకట్లో మగ్గాలా? ఎవరికీ అన్యాయం జరగకూడదని వంతులు పెట్టాను. ఈ వారం పైన ఉన్నది వచ్చే వారం కిందికి. అందరికీ ఒకే గ్లాసుతో నీళ్ళు, చుక్క ఎక్కువ లేదు తక్కువ లేదు. లిఫ్టు పెద్దమనిషి వాటిని ఎక్కించుకుని తలుపు వేస్తూ, "ఎన్నో అంతస్తండీ?" అని మొక్కల్నే అడుగుతాడు.

నువ్వు అడిగినట్టు బొమ్మలు గీశాను. ఏడు ఉన్నాయి. నాకు బొమ్మలు రావు, రబ్బరు ఆకు చెప్పులా వచ్చింది. సర్దుకో.

అనుమానాలు మానేసి వైద్యం రాయి.

నీ వదిన


నవంబరు 4

వదినగారికి,

తంతి ఇచ్చాను. ఈ ఉత్తరం కంటే ముందే అంది ఉంటుంది. "కుండీలు కదపవద్దు. ఉత్తరం వస్తోంది." అని. ఇంకో సోమవారం దాటిపోతుందేమోనని ఆగలేకపోయాను. కంగారు పడలేదు కదా?

అంతస్తుల సంగతిలో మీరు రాసింది అక్షరాలా నిజం. మిమ్మల్ని అనుమానించినందుకు చెంపలు వేసుకుంటున్నాను. కాని ఆ నిజమే మీ మొక్కల రోగం!

బొమ్మలు బల్ల మీద పరుచుకుని చూశాను. తెల్లగా కాలినవన్నీ కిటికీ వైపు. అవి చీకటి నడవలోంచి తెచ్చి ఒక్కసారిగా ఎండలో పెట్టినప్పుడు కాలినవి. పసుపెక్కి కాడతో రాలేవి ఎండలోంచి చీకట్లోకి వెళ్ళినవి. చీకట్లో ఆకుకి పని లేదు, అందుకని మొక్క దాన్ని వదిలించుకుంటుంది. మళ్ళీ అక్కడి వెలుతురుకి సరిపోయే ఆకు వేద్దామని మొదలుపెట్టేసరికి సోమవారం వస్తుంది, లిఫ్టు వస్తుంది. పాపం, ఏ మొక్కకీ తను ఎక్కడుందో తెలియడం లేదు.

నాకు ముందే తట్టాల్సింది. మనందరం ఒకే ఇంట్లో ఉండి ఇంటికంతా ఒకే ఫ్యాను ఉన్న రోజుల్లో మీరేం చేసేవారు? ఎండాకాలం ఎవరూ చిన్నబుచ్చుకోకూడదని రోజుకొకరి పక్క ఫ్యాను కిందికి మార్చేవారు. అన్నయ్య నిద్రమత్తులో తన పక్క ఎక్కడుందో తెలియక బట్టల బీరువాకి గుద్దుకునేవాడు. అయినా మీరు వంతులు మానలేదు. మనుషులం కాబట్టి తట్టుకున్నాం.

ఇప్పుడు చేయాల్సింది రాస్తున్నాను. క్రోటన్‌కి ఎప్పుడూ వెలుతురు కావాలి, దాన్ని నాలుగో అంతస్తు కిటికీకి ఇచ్చేయండి. రబ్బరు మొక్క హాల్లో బాగానే ఉంటుంది. మనీప్లాంట్లు తక్కువ వెలుతురులోనూ బతుకుతాయి, టైపు గదికి ఇవ్వండి. ఒక్కసారి పెట్టాక ఇక ముట్టుకోవద్దు. గ్లాసు అవతల పారేయండి. వేలు రెండు కణుపులు మట్టిలో గుచ్చి చూడండి. పొడిగా ఉంటేనే నీళ్ళు. ఒకదానికి రోజు విడిచి రోజు కావాలి, ఇంకొకదానికి వారానికి కూడా అక్కర్లేదు. ఎక్కువ కావలసినదానికి ఎక్కువ ఇవ్వండి. అది పక్షపాతం కాదు, వదినా.

ఆ నడవలో మాత్రం ఏ మొక్కా వద్దు. అక్కడ దేనికీ బతుకు లేదు.

కొన్నాళ్ళు ఆకులు ఇంకా రాలతాయి. భయపడకండి. కాండం చివర చూస్తూ ఉండండి. కొత్త ఆకంటూ వేస్తే అక్కడే.

ఇవాళ దుకాణం ఆలస్యంగా తెరిచాను. ఈ ఉత్తరం రాయడమే కారణం.

మీ మరిది


నవంబరు 29

చిన్నబ్బాయికి,

నిన్న డైరెక్టరుగారు వచ్చి వెళ్ళారు. వరసగా చెప్తాను.

ముందు నీ తంతి సంగతి. తంతి అనగానే మీ అన్నయ్య కుర్చీలో కూలబడి, "చదవకు, ముందు నీళ్ళు తాగు" అన్నారు. నేను చదివాక, "కుండీలా?" అన్నారు. "కుండీలే" అన్నాను. "దీనికి తంతా! వీడికి పిచ్చి గాని పట్టలేదు కదా?" అని అప్పుడు నవ్వడం మొదలుపెట్టి, పడుకోబోయేదాకా నవ్వుతూనే ఉన్నారు.

వంతులు మానడం నాకు తేలిక కాలేదు, నీ దగ్గర దాచడం ఎందుకు? మొదటి సోమవారం చేతులు కట్టేసినట్టుంది. లిఫ్టు పెద్దమనిషి తలుపు తీసి పట్టుకుని, "ప్రయాణికులు లేరా?" అన్నాడు. "లేరు, అందరూ దిగిపోయారు" అన్నాను.

తర్వాత ఏమైందో నువ్వూ ఊహించి ఉండవు. మొక్కలు ఒక చోట ఉండేసరికి మనుషులు వాటిని చూడటం మొదలుపెట్టారు! టైపు గది అమ్మాయిలు పొద్దున రాగానే మనీప్లాంటు దగ్గరికి వెళ్ళి కొలుస్తున్నారు. నాలుగో అంతస్తువాళ్ళు క్రోటన్‌కి రాణిగారు అని పేరు పెట్టారు. క్యాషియరు తన కిటికీ పక్కనున్న రబ్బరు మొక్క మట్టిలో వేలు గుచ్చి, "మొక్కలావిడా, ఒక కణుపే తడి తగిలింది, రాసుకోండి" అని గట్టిగా అరుస్తాడు. వాళ్ళకివి ఇదివరకు కుండీలు. వారానికొకటి వచ్చి పోయేది, ఎవరికి పట్టింది?

ఇక నిన్న. పొద్దున్నే మేనేజరుగారు, "అమ్మా, కాస్త బాగున్న కుండీలన్నీ కింద హాల్లోకి దింపించండి. ఆయన అక్కడే ఎక్కువసేపు ఉంటారు" అన్నారు. ఉద్యోగం చేతిలో పెడతానన్నట్టే ఆ మాట. నా నోట్లోంచి, "కుదరదండీ" అని వచ్చింది.

"ఒక్కరోజుకేనమ్మా!"

"ఒక్కరోజుకే ఆకులన్నీ దించేస్తాయండీ. ఇప్పుడిప్పుడే కుదురుకున్నాయి. ఆయన్నే పైకి రమ్మనండి."

మేనేజరుగారు మొహం మాడ్చుకున్నారు. నేను ఒకరి మాట కాదనడం ఇదే మొదలు. నీకు తెలుసు కదా.

డైరెక్టరుగారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉన్నారు, తక్కువ మాట్లాడతారు. నువ్వే గుర్తొచ్చావు. హాల్లో ప్లాస్టిక్ మొక్కని, రబ్బరు మొక్కని పక్కపక్కన చూశారు. రబ్బరు మొక్క సగం బోసిగానే ఉంది. "ఇదెందుకిలా ఉంది?" అన్నారు. మేనేజరుగారు నా వైపు చూశారు.

"నా మూలంగానేనండీ" అన్నాను. "అన్నిటికీ సమానంగా వెలుతురు ఇద్దామని మేడంతా తిప్పాను. అది తప్పని తెలిశాక తిప్పడం మానేశాను. ఇప్పుడు తేరుకుంటోంది."

"తేరుకుంటోందని ఎలా చెప్తారు?"

నేను నోరు తెరిచేలోపల క్యాషియరు తన కిటికీలోంచి తల బయటికి పెట్టి, "చివర చూడండి సార్, ఎర్రటి మొగ్గ! అది పువ్వు కాదు, లోపల ఆకు చుట్టుకుని ఉంది. ఎల్లుండికి విచ్చుకుంటుంది" అన్నాడు. డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, వంగి చూశారు. నిజంగానే చాలాసేపు చూశారు! "ఇది తీయించేస్తే మీకేమైనా అభ్యంతరమా?" అని క్యాషియర్ని అడిగారు.

"అభ్యంతరమా! అది మాది సార్" అన్నాడు. "కావాలంటే ఆ ప్లాస్టిక్కుది పట్టుకెళ్ళండి. రెండు నెలలుగా చూస్తున్నాను, దానికీ నాకూ మాటల్లేవు."

డైరెక్టరుగారు నవ్వారు. మేనేజరుగారు కూడా నవ్వారు. తర్వాత ఆయన నాలుగు అంతస్తులూ మెట్ల మీదుగా ఎక్కారు, నేను వెనకాలే ఎక్కాను. ప్రతి అంతస్తులోనూ ఎవరో ఒకరు లేచి తమ మొక్క చూపించారు. నేను మాట్లాడే పనే పడలేదు. రాణిగారికి నాలుగు కొత్త ఆకులు, ఒక్కోటి ఒక్కో రంగు.

ఉద్యోగం ఖాయం చేశారు, చిన్నబ్బాయ్! కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చారు. చీకటి నడవలో మాత్రం ప్లాస్టిక్ మొక్కలు రెండూ ఉంటాయి. ఆ సలహా నేనే ఇచ్చాను. వాటికి వెలుతురు అక్కర్లేదు కదా, అక్కడ హాయిగా ఉంటాయి. వాటి దుమ్ము తుడవడం కూడా నా పనిలోనే రాసుకున్నాను, నన్నేమీ అనకు.

సాయంత్రం మీ అన్నయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నారు. కాగితం చేతిలో పెట్టాను. దీపం కిందికి వెళ్ళి చదువుకుని, మడిచి, తన జేబులో పెట్టుకున్నారు. "నాది, ఇటివ్వండి" అన్నాను. "ఇంటిదాకా నేను మోస్తాను" అన్నారు.

నీ వదిన


డిసెంబరు 5

వదినా,

మీ ఉత్తరం దుకాణంలో నిలబడే చదివాను. గిరాకీలు ఇద్దరున్నారు. వాళ్ళకీ చదివి వినిపించాను. "అది మాది సార్" అన్న దగ్గర టైలరమ్మ చప్పట్లు కొట్టింది. పోస్టుమాను ఆఖరి పేజీ వినేదాకా కదలనన్నాడు. వాళ్ళందరూ వెళ్ళాక తలుపు వేసుకుని మళ్ళీ చదివాను.

రబ్బరు మొక్క మొగ్గ ఈపాటికి విచ్చుకుని ఉంటుంది. కొత్త ఆకు లేతగా, మెరుస్తూ ఉంటుంది, ఎవరినీ నలపనివ్వకండి. క్యాషియరుగారిని ముఖ్యంగా.

నేను ఊరు దాటి ఎన్నేళ్ళయిందో మీకు తెలుసు. మిషన్లు చెప్పిన రోజుకి ఇవ్వలేనని అందరికీ చెప్పేశాను. ఆదివారం పొద్దున బండికి వస్తున్నాను. సోమవారం మీ వెంట ఆఫీసుకి వస్తాను. రాణిగారినీ, ఆ రబ్బరు మొక్కనీ, టైపు గదినీ, లిఫ్టు పెద్దమనిషినీ చూడాలి.

ఒక్క మాట. నేను వస్తున్నానని హడావిడిపడి బాగున్నవన్నీ కిందికి చేర్చకండి. ఏ కుండీనీ జరపొద్దు. నాలుగు అంతస్తులూ నేనే ఎక్కి చూస్తాను.

మీ మరిది